స్నేహితుని చూపు మసకబారితే...

మీ పిల్లలు స్నేహితులతో కలిసి ఇండోనేషియాలోని గిలీ త్రవాంగన్ వంటి విహార దీవులకు వెళ్తున్నారా? ఈ విషయం తప్పక చెప్పి పంపండి.

అక్కడ ‘అరక్’ అనే సారా కలిపిన పానీయాలు అమ్ముతారు. కల్తీ సారాలో మిథనాల్ అనే విషం ఉండవచ్చు. రుచిలో, వాసనలో తేడా తెలియదు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. సాధారణంగా 12 నుండి 24 గంటల తర్వాత తలనొప్పి, వాంతులు, ఆయాసం, చూపు మసకబారడం కనిపిస్తాయి.

"రాత్రి తాగింది ఇంకా దిగలేదు, పడుకోనీ" అని స్నేహితుణ్ణి వదిలివేయరాదు. ఆ దీవిలో పెట్రోలు బండ్లు తిరగవు. గుర్రపుబండిలోనైనా రేవుకు చేర్చి, వెంటనే పడవలో లొంబోక్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏమి తాగాడో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. విరుగుడు మందు, డయాలసిస్ సకాలంలో అందితే ప్రాణం, చూపు దక్కే అవకాశం ఉంది.

అసలు ఆ గ్లాసు ముట్టకపోవడమే అన్నిటికంటే క్షేమం.