సెప్టిక్ ట్యాంకు ఇంకుడు కందకాలకు పైపుల ఎంపిక

పొలాల్లో నిర్మించుకున్న ఇళ్లకు, కోళ్ల ఫారాలు, పశువుల కొట్టాల వద్ద పనివారి నివాసాలకు భూగర్భ మురుగునీటి వ్యవస్థ అందుబాటులో ఉండదు. అక్కడ మరుగుదొడ్డి నీరు సెప్టిక్ ట్యాంకులోకే చేరుతుంది. అయితే ట్యాంకుతో శుద్ధి పూర్తి కాదు. బరువైన మలినం అడుగున నిలిచి కొంతవరకు కుళ్లగా, పైతేట నీరు వ్యాధికారక క్రిములతోనే బయటకు వస్తుంది. ఆ క్రిములను వడగట్టేది కందకం అడుగునున్న నేల. నీటిని ఆ నేలకు సమంగా పంచడమే పైపు పని. తాగునీటి బావి అదే ఆవరణలో ఉన్నప్పుడు ఈ పంపకం కుటుంబ ఆరోగ్యానికి సంబంధించిన అంశమవుతుంది.

ముందుగా నేల పరీక్ష

కందకం తవ్వదలచిన చోట గుంత తీసి, నేలను బాగా నానబెట్టిన తరువాత నీటిమట్టం 25 మి.మీ. తగ్గడానికి పట్టే సమయాన్ని కొలవాలి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2470 ప్రకారం ఈ సమయం 60 నిమిషాలు మించితే ఇంకుడు కందకం తగదు. నల్లరేగడి నేలల్లో ఈ పరీక్షను ఎండు నేలపై చేయరాదు. వేసవిలో నెర్రెల గుండా నీరు వేగంగా జారిపోతుంది. వర్షాకాలంలో నేల ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక అదే నేల నీటిని పీల్చుకోదు. ఇంకని నేలలో ఎంత ఖరీదైన పైపు వేసినా ప్రయోజనం ఉండదు.

పైపుల రకాలు, గుణదోషాలు

స్టోన్‌వేర్ పైపులు: ఇవి మురుగునీటి ఆమ్లాలకు చెక్కుచెదరవు. పొట్టి ముక్కలుగా ఉండటం వల్ల అతుకుల వద్ద సందు వదిలి నీటిని ఇంకించవచ్చు. ఉబ్బి కుంచించుకుపోయే నల్లరేగడిలో మాత్రం ముక్కలు వరుస తప్పి, నీరు ఒకేచోట చేరుతుంది.

సిమెంటు పైపులు: మురుగు నుండి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైపు పైభాగపు తేమలో గంధకామ్లంగా మారి సిమెంటును క్రమంగా తినివేస్తుంది.

గట్టి పి.వి.సి. పైపులు: తేలికగా, తుప్పు పట్టకుండా, పొడవైన ముక్కలుగా లభిస్తాయి. అతుకులు తక్కువ కనుక మట్టం నిలుస్తుంది. ఎక్కువ కాలం ఎండలో నిల్వ చేస్తే పెళుసుబారుతాయి.

ముడతల ప్లాస్టిక్ పైపులు: కోనంకి, ఉప్పుగుండూరు వంటి చోట్ల చౌడు, మురుగు నివారణకు భూమిలో పైపులు వేసే పద్ధతి రైతులకు పరిచితమే. అక్కడ పైపు నేలలోని నీటిని లోనికి తీసుకుంటుంది. ఇక్కడ నీరు బయటకు పోవాలి. ఈ పైపులు సులభంగా వంగుతాయి కనుక అడుగు సమంగా లేకపోతే పల్లాల్లో మలినం పేరుకుంటుంది.

పాత డ్రిప్ గొట్టాలు, బోరు కేసింగ్ పైపులను ఇందుకు వాడరాదు. వాటి సన్నని రంధ్రాలు, చీలికలు మురుగులోని జిగురు పదార్థంతో పూడుకుపోతాయి.

అమరిక

ట్యాంకు నుండి కందకం వరకు రంధ్రాలు లేని పి.వి.సి. పైపును నీరు కారని అతుకులతో, 100 కి 1 వాలుకు తగ్గకుండా వేయాలి. కందకంలో 75-100 మి.మీ. వ్యాసం గల రంధ్రాల పైపును స్వల్ప వాలుతో, రంధ్రాలు కిందివైపు ఉండేలా పరచాలి. వాలు ఎక్కువైతే నీరంతా చివరకే చేరుతుంది. పైపు కింద 15-25 సెం.మీ. మందాన కడిగిన కంకర ఉండాలి. కంకరపై మట్టి దిగకుండా పొర కప్పి, ఆ పైన మట్టి పూడ్చాలి. ఒక్కో కందకం పొడవు 30 మీటర్లు మించరాదు. కందకాల మధ్య కనీసం 1.8 మీటర్లు, తాగునీటి బావికి 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్ల ఎడం ఉండాలి. కందకాలపై ట్రాక్టరు నడపరాదు, చెట్లు నాటరాదు.

ముగింపు

నేల నీటిని పీల్చుకునే చోట గట్టి పి.వి.సి. పైపు చాలా సందర్భాల్లో అనుకూలమైనది. స్థిరమైన ఎర్ర నేలల్లో స్టోన్‌వేర్ కూడా పనికివస్తుంది. ట్యాంకులో పేరుకున్న మడ్డిని సకాలంలో తీయించకపోతే అది కందకంలోకి చేరి నేల రంధ్రాలను మూసివేస్తుంది. అలా మూసుకుపోయిన నేలను పైపు మార్చి బాగుచేయడం సాధ్యం కాదు.