వ్యవసాయ విస్తరణ విద్యలో ఉచిత డిజిటల్ సాధనాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో ఒక బోధనా నమూనా

సారాంశం

వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థులు గ్రామాలలో నివసించే కాలంలో ఒకే తరగతి అనేక పల్లెలకు విస్తరిస్తుంది. ఒక్కొక్క విద్యార్థి పొలంలో చూచినది అతని నోటు పుస్తకానికే పరిమితమైతే తరగతికిగాని, రైతుకుగాని దాని వలన కలిగే ప్రయోజనం స్వల్పం. ఉచితంగా లభించే ఫారాలు, ఉమ్మడి పట్టికలు, సందేశ బృందాల సహాయంతో ఈ పరిశీలనలను ఒకచోట చేర్చి, సరిచూచి, తిరిగి రైతుకు అందించే ఐదు వారాల పాఠాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. సాధనం ఉచితమైనంత మాత్రాన బోధన సిద్ధించదు. ఏమి లెక్కించాలి, ఎవరు సరిచూడాలి, రైతుకు సమాధానం ఎవరు చెప్పాలి అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు నిర్ణయించినప్పుడే సాధనం ఉపయోగపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ముఖ్య పదాలు: విస్తరణ విద్య, ఉమ్మడి పట్టిక, గులాబీ రంగు పురుగు, తామర పురుగులు, రైతు వేదిక

పరిచయం

గ్రామీణ వ్యవసాయ కృషి అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు చిన్న చిన్న బృందాలుగా వేర్వేరు గ్రామాలలో ఉండి రైతులతో కలిసి పని చేస్తారు. వారికి మార్గదర్శనం చేసే శాస్త్రవేత్త ఒక రోజులో అన్ని గ్రామాలనూ సందర్శించలేరు. ఒక గ్రామంలోని విద్యార్థికి పక్క మండలంలోని సహాధ్యాయి గమనించిన విషయం కార్యక్రమం ముగిసి నివేదికలు సమర్పించే వరకు తెలియదు. అప్పటికి పంట చేతికి వస్తుంది లేదా చేజారిపోతుంది. ఆలస్యంగా అందిన సమాచారం పరీక్షకు పనికి వచ్చినా పొలానికి పనికి రాదు.

ఈ ఎడమును తగ్గించుటకు ఖరీదైన వ్యవస్థలు అవసరం లేదు. విద్యార్థుల చేతిలో ఉన్న ఫోను, ఉచితంగా లభించే కొన్ని సాధనాలు సరిపోతాయి. అయితే వాటిని ఏ క్రమంలో, ఏ నియమాలతో వాడాలన్నది బోధకుడు ముందుగా ఆలోచించవలసిన విషయం.

మూడు జిల్లాల నేపథ్యం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. మూడింటిలోనూ అధిక భాగం ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందినదే అయినప్పటికీ బోధన దృష్ట్యా వీటి పరిస్థితులు ఒకటి కావు.

జనగామ జిల్లాలో వర్షాధారపు భూములు, ప్రత్తి సాగు ప్రధానం. రాష్ట్రంలో తొలి రైతు వేదిక ఈ జిల్లాలోని కొడకండ్లలోనే 2020 అక్టోబరు 31న ప్రారంభమైనది. సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, ఒక వేదిక అన్న ఆలోచనతో ఇవి నిర్మితమైనవి. 2024 మార్చి 6న ప్రారంభమైన రైతు నేస్తం కార్యక్రమం ద్వారా తొలి విడతలో 110 రైతు వేదికలకు దృశ్య సమావేశ సౌకర్యం కలిగింది. శాస్త్రవేత్త ఒకచోట ఉండి అనేక వేదికలలోని రైతులతో ముచ్చటించే అవకాశం దీనివలన ఏర్పడింది.

మహబూబాబాద్ జిల్లాలో ప్రత్తి, వరితో పాటు మిరప ముఖ్యమైన పంట. తండాలలో లంబాడీ భాష, గంగారం, కొత్తగూడ వంటి అటవీ మండలాలలో కోయ భాష ఇంటి భాషలుగా వినిపిస్తాయి. వ్రాతపూర్వక తెలుగు సందేశం ప్రతి ఇంటికీ ఒకే విధంగా చేరుతుందని ఇక్కడ భావించరాదు.

భూపాలపల్లి జిల్లాలో అడవి, గోదావరి తీరం, బొగ్గు గనుల నడుమ సాగు భూములున్నాయి. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. అటువంటి సమయంలో విద్యుత్తు, ఫోను సంకేతం నిరంతరాయంగా ఉంటాయని నమ్మి పాఠాన్ని రూపొందించడం సరికాదు. సమాచారం అత్యవసరమైన రోజే సంకేతం అందకపోవచ్చు.

సాధనాల ఎంపిక

సాధనాన్ని దాని ప్రసిద్ధిని బట్టి కాక, చేయవలసిన పనిని బట్టి ఎన్నుకోవాలి. తరగతి పనులను నాలుగుగా విభజించవచ్చు.

మొదటిది సమాచార సేకరణ. సంకేతం బాగుగా ఉన్న గ్రామాలలో గూగుల్ ఫారం సరిపోతుంది. ప్రశ్నలను తెలుగులో వ్రాయవచ్చు. అంకె ఉండవలసిన చోట అక్షరాలను అంగీకరించకుండా నియమం పెట్టవచ్చు. సంకేతం లేని చోట కోబో టూల్‌బాక్స్ మేలు. ఫారాన్ని ముందుగా ఫోనులోకి దించుకొని పొలంలో పూర్తి చేస్తే, సంకేతం అందినప్పుడు సమాచారాన్ని పంపవచ్చు. స్థల నిర్ధారణ ఉపగ్రహాల ద్వారా జరుగుతుంది కనుక దానికి ఇంటర్నెట్టు అవసరం లేదు.

రెండవది సమాచారాన్ని ఒకచోట చేర్చడం. గూగుల్ షీట్ వంటి ఉమ్మడి పట్టికలో అందరూ ఒకేసారి పని చేయవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను మార్చారో పట్టిక చరిత్రలో కనిపిస్తుంది.

మూడవది చర్చ. వాట్సాప్ బృందం కబురు చేరవేయుటకు అనువైనది. కాని రికార్డు భద్రపరచుటకు కాదు. నేటి ఛాయాచిత్రం రేపటి శుభోదయ సందేశాల క్రింద మరుగున పడుతుంది. అందుచేత బృందంలో వచ్చిన ప్రతి పరిశీలన ఫారంలోకి కూడా చేరాలన్న నియమం అవసరం.

నాలుగవది పాఠ్య సామగ్రి, మూల్యాంకనం. పాఠాలు, గడువులు, మార్కులు ఒకచోట ఉంచుటకు గూగుల్ క్లాస్‌రూమ్ చాలును. కళాశాలకు సొంత సర్వరు, దానిని నిర్వహించే సిబ్బంది ఉంటే మూడిల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వాడవచ్చు.

ఐదు వారాల నమూనా పాఠం

వానాకాలపు చివరి దశలో ప్రత్తి కాయ పట్టే సమయం, మిరప పూతకు వచ్చే సమయం కొంతవరకు కలిసి వస్తాయి. ఈ పాఠానికి అది అనువైన కాలం.

మొదటి వారం - నిర్వచనాలు: ఫారం తయారు చేయుటకు ముందే ఏమి లెక్కించాలో తరగతి నిర్ణయించుకోవాలి. గులాబీ రంగు పురుగు విషయంలో ఒక్కొక్క లింగాకర్షక బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడటం, లేదా 10 శాతం గుడ్డి పూలు, లేదా 10 శాతం పచ్చి కాయలలో నష్టం కనిపించడం ఆర్థిక నష్టపరిమితిగా పరిగణిస్తారు. 20 మొక్కల నుండి ఒక్కొక్కటి చొప్పున 20 పచ్చి కాయలు కోసి చీల్చి చూచినప్పుడు రెండింటిలో పురుగు ఉంటే 10 శాతమైనట్లు.

ఇక్కడే ఒక సాధారణ పొరపాటును విద్యార్థులకు చూపాలి. మూడు రోజులకొకసారి బుట్టను పరిశీలించిన విద్యార్థి అందులోని 15 పురుగులను ఒక రోజు లెక్కగా నమోదు చేస్తే, నష్టపరిమితి దాటినట్లు పట్టిక ఎర్ర రంగు చూపుతుంది. నిజానికది రోజుకు 5 మాత్రమే. ఆ ఎర్ర రంగును నమ్మి రైతు అనవసరంగా మందు పిచికారి చేస్తే ఆ ఖర్చు విద్యార్థిది కాదు, రైతుది. కనుక ఫారంలో 'బుట్టను క్రితంసారి ఎప్పుడు ఖాళీ చేశారు?', 'ఎన్ని బుట్టలు చూశారు?' అన్న ప్రశ్నలు తప్పనిసరి.

రెండవ వారం - సేకరణ: ప్రతి బృందం తన గ్రామంలో ఎంపిక చేసిన పొలాలను నిర్ణీత దినాలలో పరిశీలిస్తుంది. చూడని రోజున సున్నా వేయరాదు. 'చూడలేదు' అని వ్రాయాలి. సున్నా అంటే చూచినా పురుగు లేదని అర్థం. ఈ రెండింటి భేదం తెలియని పట్టిక ఎంత అందంగా ఉన్నా నిరుపయోగమే.

మూడవ వారం - పరస్పర పరిశీలన: జనగామ బృందం నమోదు చేసిన అంకెలను మహబూబాబాద్ బృందం, వారివి భూపాలపల్లి బృందం, వీరివి జనగామ బృందం సరిచూస్తాయి. సందేహం కలిగిన గడిలో అంకెను మార్చక, వ్యాఖ్య మాత్రమే వ్రాయాలి. దిద్దుబాటు నమోదు చేసిన వారే చేయాలి. తోటివారి లెక్కను ప్రశ్నించుట, తన లెక్కకు జవాబు చెప్పుట ఈ వారపు అసలు పాఠం.

నాలుగవ వారం - నిర్ధారణ: ఇందుకు మిరప మంచి ఉదాహరణ. దేశంలో 2015లో బొప్పాయిపై నమోదైన త్రిప్స్ పార్విస్పైనస్ అనే తామర పురుగు 2021-22లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిరప తోటలను తీవ్రంగా నష్టపరిచింది. పూల లోపల దాగి ఉండుట వలన దీనిని అదుపు చేయడం కష్టమైంది. పూలను తెల్ల కాగితంపై దులిపి, పురుగులను లెక్కించి, ఛాయాచిత్రం తీయడం విద్యార్థి చేయగల పని. కాని ఫోను చిత్రాన్ని బట్టి జాతిని నిర్ధారించలేము. దానికి సూక్ష్మదర్శిని, కీటక శాస్త్రవేత్త అవసరం. 2017 నుండి తెలుగులో లభిస్తున్న ప్లాంటిక్స్ వంటి యాప్‌లు చూపే ఫలితాన్ని అనుమానంగా మాత్రమే నమోదు చేయాలి. ఫారంలో 'యాప్ చెప్పినది', 'శాస్త్రవేత్త నిర్ధారించినది' అని రెండు వేర్వేరు గడులుండాలి. నమూనాలను మాల్యాల కృషి విజ్ఞాన కేంద్రానికి లేదా వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి చేర్చే ఏర్పాటును ముందుగానే చేసుకోవాలి.

ఐదవ వారం - రైతుకు సమాధానం: ఏ రైతు పొలంలో లెక్క తీశారో ఆ రైతుకు ఫలితం చెప్పనిదే పాఠం ముగియదు. శాస్త్రవేత్త ఆమోదించిన సలహాను ఒక నిమిషం మించని స్వర సందేశంగా తయారు చేయాలి. తండాలలో లంబాడీ తెలిసిన విద్యార్థి లేదా స్థానిక యువకుడు దానిని ఆ భాషలో చెప్పవచ్చు. ఫోను లేని ఇంటికి, ఫోను మగవారి చేతిలోనే ఉండి సాగు పని మహిళలు చేసే ఇంటికి విద్యార్థి స్వయంగా వెళ్లాలి.

దృశ్య పాఠం, మధ్యవర్తి పాత్ర

వీడియో చూపినంత మాత్రాన నేర్చుకోవడం జరుగుతుందా అన్న ప్రశ్నకు డిజిటల్ గ్రీన్ అనుభవం కొంత సమాధానమిస్తుంది. కర్ణాటకలోని 16 గ్రామాలలో 13 నెలల పాటు జరిగిన ప్రయోగ ఫలితాలు 2009లో వెలువడినవి. స్థానిక రైతులే కనిపించే వీడియోలను చూపిన గ్రామాలలో కొన్ని పద్ధతులను స్వీకరించిన వారు సంప్రదాయ విస్తరణ జరిగిన గ్రామాల కంటె ఏడు రెట్లు అధికమని అందులో తేలింది. గమనించవలసినదేమనగా, అక్కడ వీడియో ఒంటరిగా పని చేయలేదు. గ్రామానికి చెందిన మధ్యవర్తి ప్రదర్శనను మధ్యలో ఆపి, ప్రశ్నలడిగి, చర్చ జరిపి, ఎవరు ఆచరించారో నమోదు చేశారు. రైతు వేదికలలో జరిగే దృశ్య సమావేశాలలో విద్యార్థులు ఈ పాత్రను చక్కగా నిర్వహించగలరు. ముందుగా రైతుల ప్రశ్నలను ఫారంలో సేకరించి, సమావేశంలో అడిగించి, వారం తరువాత ఆచరణను తెలుసుకోవచ్చు.

జాగ్రత్తలు

ఉచిత సాధనం నిజంగా ఉచితం కాదు. డేటా ఖర్చు విద్యార్థిదే. పెద్ద వీడియోలకు బదులు స్వర సందేశాలు, చిన్న చిత్రాలు వాడితే ఆ భారం తగ్గుతుంది. గూగుల్ ఖాతాలో ఉచిత నిల్వ 15 గిగాబైట్లే. సంస్థలు తమ సాధనాలను మూసివేయవచ్చు కూడా. అనేక తరగతులలో వాడుకలో ఉన్న గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో నిలిచిపోయింది. అందుచేత ప్రతి శనివారం పట్టికను దించి కళాశాల కంప్యూటరులో భద్రపరచడం ఒక విద్యార్థి బాధ్యతగా ఉండాలి.

రైతు సమాచార గోప్యత అంతకంటె ముఖ్యం. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టంతో నిమిత్తం లేకుండా కూడా ఇది విస్తరణ ధర్మం. ఆధార్ సంఖ్య, పాసు పుస్తకపు చిత్రం, అప్పుల వివరాలు ఉమ్మడి పట్టికలో ఉండరాదు. రైతు పేరుకు బదులు సంకేత సంఖ్య వాడి, పేర్ల జాబితాను మార్గదర్శకుడు మాత్రమే విడిగా ఉంచుకోవాలి. రైతు ఛాయాచిత్రం తీయుటకు ముందు ఎందుకు తీస్తున్నారో చెప్పి, అంగీకారం పొందాలి.

మూల్యాంకనం

ఎన్ని వరుసలు నింపారన్న దానికి మార్కులిస్తే విద్యార్థులు వరుసలనే నింపుతారు. ఊహించి వ్రాసిన అంకెలు కూడా అందులో చేరుతాయి. దానికి బదులు నాలుగు అంశాలను పరిగణించడం మంచిది: నిర్వచనం ప్రకారం లెక్కించుట, సహాధ్యాయుల తప్పును ఆధారంతో చూపుట, తన తప్పును అంగీకరించి సరిదిద్దుట, రైతుకు సమాధానం అందించుట. చివరి అంశాన్ని రైతును అడిగి తెలుసుకోవాలి. పట్టికలో తన తప్పును తానే గుర్తించిన విద్యార్థికి మార్కు తగ్గించరాదు. అలా చేస్తే తదుపరి తప్పు దాగిపోతుంది.

ముగింపు

జనగామ ప్రత్తి చేనులో, మహబూబాబాద్ మిరప తోటలో, భూపాలపల్లి వాగు ఒడ్డు పొలంలో ఉన్న విద్యార్థులను ఒకే తరగతిగా కలిపే శక్తి ఉచిత డిజిటల్ సాధనాలకు ఉన్నది. కాని ఆ తరగతికి ప్రాణం పోసేవి కచ్చితమైన నిర్వచనం, తోటివారి పరిశీలన, శాస్త్రవేత్త నిర్ధారణ. ఇవి లేనప్పుడు అదే సాధనం తప్పును మూడు జిల్లాలకు వేగంగా చేరవేస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు ఒక పంట, ఒక సమస్య, ఒక ఫారంతో ఈ పద్ధతిని ప్రారంభించి, అనుభవాన్ని బట్టి విస్తరించుకోవడం మేలు. పాఠం సఫలమైనదా లేదా అన్నదానికి తుది కొలమానం ఒక్కటే: తన చేనులో లెక్క తీసుకొని వెళ్లిన విద్యార్థి, ఆ లెక్కకు అర్థం చెప్పుటకు సకాలంలో తిరిగి వచ్చాడని రైతు చెప్పగలగాలి.