ఆవిడ పేరు దొరికింది చెల్లీ!

నిన్న ఫోన్‌లో సగంలో ఆపేశాను కదా చెల్లీ, మిగతాది ఇప్పుడు తీరిగ్గా చెప్తాను. మా పెద్ద మనవరాలు డి.ఏ.ఆర్.లో చేరిందంటే "ఉద్యోగమా అక్కా?" అన్నావు. ఉద్యోగం కాదే. డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ అని ఆడవాళ్ల సంఘం. అమెరికా ఇంగ్లండు రాజు మీద తిరగబడి స్వతంత్రం తెచ్చుకున్న రోజుల్లో ఆ పోరాటానికి సాయపడినవాళ్ల వంశంలో పుట్టిన ఆడపిల్ల అయి, 18 ఏళ్లు నిండితే చేరొచ్చు. దేశమంతా కలిపి 3,000 దాకా శాఖలున్నాయి. మరి మన పిల్ల ఎలా చేరిందంటావా? తల్లి వైపు నుంచి. మా కోడలి పుట్టిల్లు వర్జీనియా. మన రక్తం సగమైతే ఆ రక్తం సగం, అది చాలు.

మొదట నాకు మనసొప్పలేదు. ఎందుకంటే ఆ సంఘం పేరు వింటే నాకు గుర్తొచ్చేది 1939. మేరియన్ ఆండర్సన్ అని గొప్ప గాయని, నల్లజాతి మనిషి. వాషింగ్టన్‌లో ఈ సంఘానికి కాన్‌స్టిట్యూషన్ హాలు అని పెద్ద సభామందిరం ఉంది. ఆవిడ కచేరీకి అది ఇవ్వం పొమ్మన్నారు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ కూడా అప్పట్లో సభ్యురాలే; ఇదేం పద్ధతని రాజీనామా చేసేసింది. ఆ ఏప్రిల్ 9న, ఈస్టర్ ఆదివారం, లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి ఆండర్సన్ పాడితే 75,000 మంది విన్నారు. ఇదంతా తెలిసి, చామనఛాయ పిల్లని అక్కడికి ఎలా పంపను చెప్పు? ఎవరైనా ఒక మాటంటే దాని మనసెంత నొచ్చుకుంటుంది?

అది నా పక్కన కూర్చుని, "అమ్మమ్మకీ తెలుసు నానమ్మా ఈ కథ, నాకూ తెలుసు" అంది. తర్వాత నాలుగేళ్లకి అదే హాల్లో ఆండర్సన్ పాడిందని చెప్పింది. 1977లో కారెన్ బ్యాచెలర్ ఫార్మర్ అనే నల్లజాతి మహిళ తన వంశాన్ని కాగితాలతో నిరూపించుకుని మిషిగన్‌లో సభ్యురాలైందని చెప్పింది. ఆ యుద్ధంలో పోరాడిన నల్లవాళ్లు, ఆదివాసులు ఎవరెవరో వెతికి సంఘమే ఓ లావుపాటి పుస్తకం వేసిందట. పాత తప్పు దాంతో మాసిపోదు. కానీ తప్పు జరిగిన ఇంటికి వెళ్లి, ఈ ఇంట్లో నాకూ హక్కుంది అని కూర్చోవడంలో ఒక ధైర్యం ఉందే. నేను సరేనన్నాను.

అసలు ఈ సంఘం పుట్టిందే మగవాళ్లు కాదన్నందుకు. వాళ్ల సంఘం 1889లో మొదలైంది, మరుసటి ఏడు ఆడవాళ్లని చేర్చుకోకూడదని తీర్మానించుకున్నారు. మేరీ లాక్‌వుడ్ అనే ఆవిడకి ఒళ్లు మండి, వాషింగ్టన్ పోస్టుకి ఓ ఉత్తరం రాసింది. న్యూజెర్సీలో హన్నా ఆర్నెట్ అనే ఇల్లాలి కథ అందులో చెప్పింది: ఇంట్లో మగవాళ్లంతా కూడి ఇంగ్లీషు దొరలకి లొంగిపోదామని మాట్లాడుకుంటుంటే ఆవిడ మధ్యలోకొచ్చి, మీరు లొంగితే నేనీ మొగుడితో కాపురం చెయ్యనందిట. మరి ఆవిడ దేశభక్తురాలు కాదా అని అడిగింది లాక్‌వుడ్. 1890 అక్టోబరు 11న సంఘం నిలబడింది.

ఇంక కాగితాల సంగతి. మూణ్నెల్లు మా భోజనాల బల్ల మీద అన్నం తినలేదంటే నమ్ము. కూతురి నుంచి తల్లికి, తల్లి నుంచి అమ్మమ్మకి, అలా ప్రతి తరానికీ తర్వాతి తరానికీ ముడి ఉందని చూపించాలి. నోటిమాట చెల్లదు. దగ్గరి మూడు తరాలకి పుట్టిన కాగితం, పెళ్లి కాగితం తెచ్చేశారు. ఆ పైన మొదలయ్యాయి కష్టాలు. వర్జీనియాలో 1896 నుంచి 1912 దాకా పుట్టుకలు నమోదు చేసే చట్టమే లేదట. కోడలి ముత్తవ్వ సరిగ్గా ఆ మధ్యలో పుట్టింది. దేశం మొత్తం 1890 జనాభా లెక్కల కాగితాలు దాదాపు అన్నీ ఓ అగ్నిప్రమాదం తర్వాత దక్కకుండా పోయాయి. అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని కొన్ని కౌంటీల దస్తావేజులు రిచ్‌మండ్‌కి పంపిస్తే 1865లో ఊరే తగలబడింది.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. 1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. మిగతావాళ్లు ఒట్టి అంకెలు. ఈ వయసు ఆడవాళ్లు ఇద్దరు, ఆ వయసు పిల్లలు ముగ్గురు, అంతే. పదిమందిని కని పెంచిన తల్లి కూడా ఓ గళ్లో "1". నా కోడలు ఆ "1" మీద వేలు పెట్టి, "ఇది మా అవ్వ అత్తయ్యా" అంది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

శాఖలో ఈ కాగితాలు చూసే ఆవిణ్ణి రిజిస్ట్రార్ అంటారు. ఎనభై ఏళ్లుంటాయి, రిటైరైన టీచరమ్మ. భూతద్దం తెచ్చుకుని మా ఇంట్లో కూర్చునేది, నా చేతి ఉప్మా ఇష్టంగా తినేది. సిపాయి కోసమే ఎందుకు వెతుకుతారు, సైన్యానికి తిండి పెట్టినవాళ్లూ లెక్కలోకే వస్తారు కదా అని ఆవిడే దారి చూపించింది. సైన్యానికి సరుకులిచ్చిన రైతులు యుద్ధం చివర్లో కోర్టులో రాయించుకున్న పద్దులు రిచ్‌మండ్‌లో రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి. అందులో దొరికింది చెల్లీ! ఒక ఎద్దు, కొంత మొక్కజొన్న ఇచ్చినట్టు రెండే వరుసలు. పేరు ఆడమనిషిది. పక్కన "విధవ" అని ఉంది. అంతకు ముందు వాళ్లాయన బతికున్నన్నాళ్లూ ఎక్కడా ఆవిడ పేరు లేదు, మొత్తం ఆయన పేరే. మొగుడు పోయి, ఇల్లు నెత్తిన పడ్డాక గానీ ఆవిడ పేరు కాగితం మీదికి ఎక్కలేదు. ఆవిడ కొడుకు వీలునామాలో కూతురి పేరు, ఆ కూతురు పెళ్లాడిన ఇంటిపేరు ఉన్నాయి. దాంతో గొలుసు కలిసింది. మన మనవరాలు చేరింది ఏ సిపాయి పేరు మీదా కాదే, ఆ ఎద్దునిచ్చిన అమ్మ పేరు మీద!

మొన్న శనివారం మొదటి మీటింగుకి నన్నూ తీసుకెళ్లారు. శాఖ పెద్దని రీజెంట్ అంటారు. జెండా వందనం చేశారు, ప్రమాణం చేయించారు, పిల్లకి బ్యాడ్జి పెట్టారు. దగ్గరికెళ్లి చూద్దును కదా, రాట్నం! పదమూడు రాష్ట్రాలకి గుర్తుగా పదమూడు ఆకులు, చుట్టూ పదమూడు నక్షత్రాలు, అడ్డంగా అవిసెనార చుట్టిన కర్ర. ఇంగ్లీషు బట్ట కట్టకూడదని ఆ ఊళ్ల ఆడవాళ్లు కూడా ఇంట్లో కూర్చుని నూలు వడికారట. పొందూరు ఖద్దరు గుర్తొచ్చింది. మన నానమ్మ గుర్తొచ్చింది.

నీకు తెలుసుగా, మన నానమ్మ పడమటింట్లో కిటికీ కింద కూర్చుని వడికేది. పోలీసుల కంట పడకుండా తిరిగే కుర్రాళ్లకి రాత్రిళ్లు వండి పెట్టిందని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. 1972లో స్వాతంత్ర్య యోధులకి పింఛను పెట్టినప్పుడు కనీసం ఆరు నెలలు, 1980 నుంచి ఆడవాళ్లకి మూడు నెలలు జైలు చూపించమన్నారు. నానమ్మ జైలుకెళ్లలేదు. వంటింట్లోంచే బయటికి రాలేదు. ఆవిడ చేసింది ఏ గళ్లో రాస్తారు? మన గోత్ర ప్రవరలో ఋషులంతా మగవాళ్లే. తర్పణాలప్పుడు పురోహితుడు మాత్రం నానమ్మ, ముత్తవ్వల పేర్లూ అడుగుతాడు. పోయినేడు అన్నయ్య నానమ్మ పేరు చెప్పి, ఆవిడ అత్తగారి పేరు దగ్గర ఆగిపోయాడు. నేనూ నోరు తెరవలేకపోయాను. ఎంత సిగ్గేసిందో.

అందుకే ఇంత చెప్పుకొచ్చాను. తెనాలి పెద్దమ్మకి తొంభై దాటాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు ఆవిడకి జ్ఞాపకం బాగుంటుంది, చెవీ కాస్త వినిపిస్తుంది. ఈ ఆదివారం వెళ్లు. ఊరికే వెళ్లకు, ఆవిడకి పూతరేకులిష్టం. నానమ్మ అత్తగారి పేరేంటో, ఆవిడ పుట్టిల్లు ఏ ఊరో, పుట్టింటి ఇంటిపేరేంటో అడుగు. అడిగి అక్కడే రాసుకో, ఇంటికొచ్చాక రాద్దామనుకోకు. రాసింది ఫొటో తీసి నాకు పంపు. ఇక్కడ రిజిస్ట్రారమ్మ నా కోసం ఓ ఖాళీ చార్టు ఇచ్చింది. అమ్మ పేరు, నానమ్మ పేరు రాశాను. పై గడి అలాగే ఉంది.