తువ్వాలు కింద బేరం

శ్రీముఖలింగం

మేనల్లుడూ,

పలాస జీడిపప్పు పట్టుకుని దుబాయ్ గల్ఫుడ్ ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నావని అక్క చెప్పింది. ఇంగ్లీషు సరిగ్గా రాదని బెంగ పెట్టుకున్నావట. మస్కట్‌లో పదకొండేళ్లు పైపుల పని చేశాను. నన్ను తిప్పలు పెట్టింది భాష కాదురా, చేతులూ తలకాయా.

వెళ్లిన మొదటి వారమే మా అరబ్బు సూపర్‌వైజరు అయిదు వేళ్ల కొసలూ పైకి దగ్గర చేర్చి ఊపాడు. అన్నం తిన్నావా అంటున్నాడనుకుని, పొట్ట నిమిరి చూపించి పైపు విప్పేశాను. ఆయన అన్నది ‘కాస్త ఆగు, వాల్వు కట్టాలి’ అని. ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

మనం ‘అలాగే’ అనడానికి తల అటూ ఇటూ ఆడిస్తాం. అది ఔనో కాదో కొనేవాడికి ఏటి తెలుస్తుంది? ధర దగ్గర తల ఆడించకు, నోటితో చెప్పు.

అరబ్బులు పిడి లేని బుల్లి కప్పులో గహ్వా అని వాళ్ల కాఫీ పోస్తారు. కుడి చేత్తో అందుకో. ఖాళీ కప్పు ఊరికే తిరిగిచ్చావో, మళ్లీ పోస్తారు. చాలంటే కప్పుని కొంచెం ఆడించి ఇవ్వాలి. ఎవరూ చెప్పక నేను ఏడు కప్పులు తాగాను! కాఫీ అవ్వకుండా ధర ఎత్తకు. అరికాలు ఎదుటివాడి వైపు చూపించకు. ఆడవాళ్లు చెయ్యి చాస్తేనే కలుపు, లేదంటే కుడి చెయ్యి గుండె మీద పెట్టుకో. స్టాల్‌కి జపాన్ వాళ్లు వస్తే విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇస్తారు. మన ఊరి మధుకేశ్వరుడి గుళ్లో ప్రసాదం పుచ్చుకున్నట్టు పుచ్చుకుని, చదివి, బల్ల మీద ఎదురుగా పెట్టుకో. వెనక జేబులో కుక్కితే ఆయన పేరు మీద కూర్చున్నట్టే.

మీ తాత ఎడ్ల సంతలో తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాడు. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలిసేది. గల్ఫ్ ముత్యాల వర్తకులూ ఒకప్పుడు గుడ్డ కింద వేళ్లతోనే బేరమాడేవారని అక్కడికెళ్లాక విని, నాన్నని తలచుకున్నాను. అయితే వేళ్ల లెక్క తెలియకుండా తువ్వాలు కింద చెయ్యి పెట్టినవాడికి ఎద్దు దక్కేది కాదు. అందుకే మొదటి పూట అమ్మకం మాట పక్కన పెట్టి, పక్క స్టాల్ వాళ్ల చేతులు చూస్తూ కూర్చో.

శాంపిల్ పప్పు ఎడమ చేత్తో ఇచ్చేవు, జాగ్రత్త. శివరాత్రికి వచ్చెయ్, చక్రతీర్థ స్నానాల నాడు వంశధారలో మునగాలి.

మావయ్య