కృతజ్ఞతకు ఏ విభక్తి?

"కృతజ్ఞుడు" అనే మాటని విడదీస్తే కృత, జ్ఞ. తనకు చేసినదాన్ని ఎరిగినవాడు అని అర్థం. దీనికి వ్యతిరేకం కృతఘ్నుడు. ఒక్క అక్షరమే తేడా, కానీ ఆ "ఘ్న" అంటే చంపేది. చేసిన మేలుని చంపేసేవాడన్నమాట. రెండు మాటల్లోనూ సంతోషం అనే అర్థం ఎక్కడా లేదు. ఉన్నది ఎరుక ఒక్కటే. ఇది ముఖ్యమని నాకెందుకు అనిపించిందంటే, చర్చిలో కృతజ్ఞత అనగానే మొహం నవ్వుతూ ఉండాలని చాలామంది అనుకుంటారు.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగుల సంగతి ఉంది. వెళ్లి యాజకులకు కనపరచుకోమన్నాడు యేసు. వెళ్తుంటే దారిలోనే బాగయ్యారు. తొమ్మిదిమంది అలాగే ముందుకు పోయారు. వాళ్లని మరీ తిట్టడానికి లేదు, చెప్పిన పనే చేశారు. ఒక్క సమరయుడు మాత్రం తనకు బాగైందని చూసుకుని వెనక్కి తిరిగాడు. ఆ చూసుకోవడమే మన "జ్ఞ".

జబ్బు తగ్గితే, ఇల్లు కట్టుకుంటే మనవాళ్లు కృతజ్ఞత కూడిక పెడతారు. (బిర్యానీ కూడా ఉంటుంది, అది వేరే సంగతి.) రోజూ చెప్పడం మాత్రం అలాంటిది కాదు. మా అమ్మమ్మ చెన్నైలోనే పుట్టి పెరిగింది. బజార్లో తమిళం, ప్రార్థనలో బైబిలు తెలుగు. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ రోజు జరిగినవన్నీ ఒక్కొక్కటిగా చెప్తుంది. నీళ్ల లారీ వచ్చినందుకు, క్యూలో తన బిందెకి చోటు ఆపిన కింద పోర్షన్ అక్క కోసం, ఇలాగ. "అన్ని మేలులకు స్తోత్రం" అని ఒక్క ముక్కలో తేల్చేయదు. మర్నాడు ఆ అక్క బిందెలు మేడెక్కించడానికి నన్నే పంపుతుంది! మేలు దేవుడిచ్చాడని చెప్పుకున్నా, దాన్ని చేతుల్లో తెచ్చిన మనిషిని ఆవిడ మర్చిపోదు.

అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒక గుంపు విద్యార్థులు తమకు కృతజ్ఞత కలిగించినవి రోజూ రాశారు, ఇంకో గుంపు చికాకు పెట్టినవి రాశారు. మొదటి గుంపువాళ్లు ఇతరులకు సాయం చేశామనీ, ఓదార్చామనీ ఎక్కువగా చెప్పారు. అమ్మమ్మకి ఇది చదివి వినిపిస్తే, "దీనికి అంత చదువెందుకే?" అంది.

ఇక కష్టమైన ప్రశ్న. పోయినేడాది మా హాస్టల్లో ఒకమ్మాయికి నాన్న పోయారు. పలకరించడానికి వచ్చిన ఒకావిడ, "దీని కోసం కూడా దేవునికి స్తోత్రం చెప్పుకోమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆ అమ్మాయి ప్రార్థనకి రావడం మానేసింది. ఆమెకి ఏం చెప్పాలో నాకు చాలా రోజులు తెలియలేదు.

చివరికి వ్యాకరణమే దారి చూపింది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పౌలు కృతజ్ఞత గురించి చెప్పినచోట తెలుగు బైబిలు వాడిన ప్రత్యయం "అందు". అంటే సప్తమి. గ్రీకులో కూడా అక్కడ "లో" అనే అర్థమిచ్చే "ఎన్" ఉంది. "కొఱకు" అని చతుర్థిలో లేదు. ఏ పరిస్థితిలో ఉన్నా కృతజ్ఞత చెప్పడం ఒకటి, ఆ పరిస్థితి వచ్చినందుకే చెప్పడం ఇంకొకటి. పైగా అంతకుముందు అధ్యాయంలోనే, చనిపోయినవాళ్ల కోసం బాధపడుతున్న అదే సంఘాన్ని పౌలు ఓదార్చాడు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు గానీ అసలు ఏడవొద్దనలేదు. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, అందులో కృతజ్ఞత మాటే లేదు. అలాంటి రోజుకి కూడా కీర్తనల్లో చోటిచ్చారు.

మరి అలాంటప్పుడు రోజూ చెప్పే అలవాటు దేనికి? దానియేలు గ్రంథం 6వ అధ్యాయం చూడండి. ముప్పై రోజులు రాజుకి తప్ప ఇంకెవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చింది, మీరితే సింహాల గుహ. దానియేలు ఇంటికెళ్లి రోజుకు మూడుసార్లు మోకరించి ప్రార్థించాడు, స్తుతించాడు. ఇదివరకు చేసినట్టే చేశాడని అక్కడ ఉంది. ఆ రోజు కోసం ఆయన ధైర్యం కొత్తగా తెచ్చుకోలేదు. పాత అలవాటే ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

నా వాదానికి ఒక అడ్డం ఉంది, దాచను. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో "అందు" లేదు, "గూర్చి" ఉంది. సమస్తాన్ని గూర్చి కృతజ్ఞత చెప్పమని. అక్కడి సందర్భం సంఘమంతా కలిసి పాడడం కాబట్టి, ఒంటరిగా ఏడుస్తున్న మనిషి మీద దాన్ని రుద్దకూడదని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉంటారు. కింద ఒక తెల్లకాగితం అతికించాను. మేడంలు, ఫైనలియర్ అక్కలు మీ మాట అందులో రాయండి.