కొండ మీది ఆలస్యాన్ని కంప్యూటరులోకి తెచ్చాం



ఇంటర్ అయ్యాక అరకు లోయలోని ఒక నెట్ సెంటరులో కూర్చుని ఒక కోర్సుకు దరఖాస్తు నింపాం. అంతా కొట్టి బటన్ నొక్కితే గుండ్రం తిరిగీ తిరిగీ "సమయం ముగిసింది" అని వచ్చింది. మూడుసార్లూ అంతే. అదే ఆఖరి రోజు. "రేపొస్తే తీసుకోరా?" అన్నారు మా నాన్న. ఏం చెప్పాలో అప్పుడు మాకు తెలియలేదు. పీజీకి వచ్చాక తెలిసింది.

తప్పు దూరానిది కాదు. విశాఖ నుంచి అరకుకు సుమారు 115 కి.మీ. ఫైబరులో కాంతి సెకనుకు దాదాపు 2,00,000 కి.మీ. పోతుంది. అంటే ఘాట్ ఎక్కడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఆలస్యమంతా టవరు దగ్గర రద్దీలో, బలహీనమైన సిగ్నల్‌లో పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపడంలో ఉంది. ఫైబరు చేరని కొండల్లో టవరును ఉపగ్రహంతో కలిపితే ఇంకా కష్టం. భూస్థిర ఉపగ్రహం 35,786 కి.మీ. ఎత్తున ఉంటుంది. ప్రశ్న ఎక్కి దిగాలి, జవాబూ ఎక్కి దిగాలి. కాంతికే 480 మిల్లీసెకన్లు, పరికరాలతో కలిపి 600 దాకా అవుతుంది. సురక్షిత పేజీ తెరవాలంటే పేరు వెతకడం, కనెక్షన్, తాళాల మార్పిడి, పేజీ అడగడం కలిపి నాలుగైదుసార్లు పోయి రావాలి. ఒక్క అక్షరం కనబడే లోపే మూడు సెకన్లు!

నగరంలో పేజీ తయారుచేసేవారికి ఇది కనిపించదు. అందుకే మా ప్రాజెక్టులో ఆ ఆలస్యాన్ని లాబ్‌లోకే తెచ్చాం. లైనక్స్‌లో నెట్ఎమ్ అనే సదుపాయం ఉంది. బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్‌నూ చెప్పినంతసేపు ఆపి వదులుతుంది. ఆజ్ఞ ఇది (ఇంగ్లీషు చిన్నబడిలో కొట్టాలి, ఈటీహెచ్0 స్థానంలో మీ నెట్ కార్డు పేరు):

సుడో టీసీ క్యూడిస్క్ యాడ్ డెవ్ ఈటీహెచ్0 రూట్ నెట్ఎమ్ డిలే 600ఎంఎస్

తర్వాత పింగ్ చేస్తే 2 ఉన్నది 602 అవుతుంది. 600ఎంఎస్ తర్వాత 100ఎంఎస్ అని చేరిస్తే ఆలస్యం అటూ ఇటూ ఊగుతుంది, లాస్ 2% అంటే కొన్ని ప్యాకెట్లు పోతాయి. మన కొండ సిగ్నల్ అచ్చం అలాగే ఉంటుంది. మొదట మేము "ఎల్ఓ" మీద, అంటే కంప్యూటరు తనతో తాను మాట్లాడుకునే దారి మీద, 100 వేస్తే పింగ్ 200 చూపింది. ఒక పూటంతా తలలు పట్టుకున్నాం. అక్కడ ప్రశ్నా జవాబూ రెండూ అదే దారిన బయలుదేరతాయి కాబట్టి ఆలస్యం రెండుసార్లు పడుతుంది.

మేము కట్టిన దరఖాస్తు పేజీ 600 దగ్గర కూలబడింది. ప్రతి గడి నింపగానే సర్వరును అడుగుతోంది మరి! ఆ అడగడం తీసేశాం. నింపినది కంప్యూటరులోనే దాచి, చివర ఒక్కసారే పంపాం. దరఖాస్తుకు ముందే ఒక నంబరు ఇచ్చాం, బటన్ రెండుసార్లు నొక్కినా ఒకటిగానే లెక్క. గడువు కూడా పెంచాం. అప్పుడు 2% పోతున్నా దరఖాస్తు చేరింది.

దూరాన ఉన్న సర్వరు మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి, మీ దారే మూసుకుపోవచ్చు. అయిపోయాక యాడ్ బదులు డెల్ పెట్టి, రూట్ దాకా కొట్టి తీసేయండి. మేము ఒకసారి మరిచిపోతే, తర్వాత కూర్చున్న మిత్రుడు గంటసేపు కేబులు మార్చి మార్చి చూశాడు.