వైకల్య శాతం వేరు, సంపాదన శక్తి వేరు

సూరత్‌లోని గోడాదరాకు బదిలీ అయినప్పుడు భాష ఎలాగా అని భయపడ్డాను. మొదటి రోజే ఆ భయం పోయింది. కౌంటరు దగ్గర సగం మాటలు తెలుగే. గోడాదరా, లింబాయత్ చుట్టుపక్కల బస్తీల్లో తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోందంటే మనవాళ్లు ఎందరో ఊహించవచ్చు. సిరిసిల్లలో లాగే ఇక్కడా మనవాళ్లు మరమగ్గాలను సాంచాలనే అంటారు.

ఆ సాంచాల మీద పనిచేసే మా ఖాతాదారు ఒకాయన 2022 చివర్లో కుడిచేతికి కట్టుతో వచ్చారు. వయసు నలభై. గేర్ల మధ్య చెయ్యి పడి చూపుడు వేలు, మధ్య వేలు పూర్తిగా పోయాయి. మిగిలిన వేళ్లు బిగుసుకుపోయాయి.

"సార్, దారం తెగితే ముడి ఏస్తరాస్తలేదు. ముడి ఏయనోనికి సాంచ ఎవరిస్తరు?" అన్నారాయన.

ఆయన అడిగింది చిన్న ప్రశ్న. పని చేయలేని మనిషికి ఎక్కడైనా ఏదైనా వస్తుందా? జవాబు వెతకడానికి మా ఇద్దరికీ ఏడాదిన్నర పట్టింది. అందులో నా పొరపాటూ ఉంది. మన ఇళ్లలో, మన శాఖల్లో ఇంకెవరికీ అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

మొదటి తలుపు: ఇరవై రూపాయల బీమా

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఆయన్ని చేర్పించింది నేనే. "ఏడాదికి ఇరవై రూపాయలే అన్నా, చెయ్యి పోయినా డబ్బొస్తుంది" అని చెప్పి సంతకం తీసుకున్నాను. కాబట్టి ముందు ఆ క్లెయిమే పెట్టాం. బీమా కంపెనీ తిరస్కరించింది.

నిబంధన చదివితే కారణం తెలిసింది. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. రెండు కళ్లు, రెండు చేతులు లేదా రెండు పాదాలు పూర్తిగా పోయినా, ఒక కన్నుతో పాటు ఒక చెయ్యి లేదా పాదం పోయినా అంతే. ఒక కంటి చూపు పూర్తిగా పోయినా, ఒక చెయ్యి లేదా పాదం పనికిరాకుండా పోయినా 1 లక్ష. వేళ్ల మాట ఎక్కడా లేదు. నేను "చెయ్యి" అన్నప్పుడు ఆయనకు వేళ్లూ చేతిలో భాగమే. పాలసీకి కాదు. అప్పటి నుంచి ఈ పథకంలో ఎవరిని చేర్పించినా ఏది వస్తుందో చెప్పాక, ఏది రాదో కూడా చెబుతున్నాను.

రెండో తలుపు: ఈఎస్ఐ

ఈఎస్ఐ ఉంటే కథ వేరుగా ఉండేది. పనిలో గాయపడిన రోజు నుంచి కోలుకునే దాకా సగటు వేతనంలో దాదాపు 90 శాతం వస్తుంది. దీనికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. శాశ్వత వైకల్యం మిగిలితే, సంపాదన శక్తి ఎంత తగ్గిందో మెడికల్ బోర్డు నిర్ణయించి, ఆ మేరకు నెలనెలా జీవితాంతం చెల్లిస్తారు. బోర్డు తీర్పు నచ్చకపోతే అప్పీలుకు వెళ్లవచ్చు.

కానీ సంస్థలో పదిమంది ఉంటేనే ఈఎస్ఐ వర్తిస్తుంది. ఆయన పనిచేసిన కార్ఖానా ఒకే షెడ్డు. కాగితాల మీద మాత్రం మూడు పేర్లు, ఒక్కో పేరు కింద పదికి తక్కువ మంది. మీటరు లెక్కన కూలి, పదిహేను రోజులకోసారి చేతికి నగదు. వేతన చీటీ లేదు. ఉద్యోగుల పింఛను పథకంలో, చేస్తున్న పనికి శాశ్వతంగా, పూర్తిగా అశక్తుడైన సభ్యుడికి ఒక్క నెల చందా ఉన్నా పింఛను వస్తుంది. పీఎఫ్ ఖాతాయే లేనప్పుడు ఆ మాట ఎత్తే వీలు లేదు.

మూడో తలుపు: ధ్రువపత్రం, పింఛను

తర్వాత వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. 40 శాతం, ఆపైన ఉంటేనే ఎక్కువ ప్రయోజనాలు వర్తిస్తాయి. ఆయనకు వచ్చింది 34.

ఆయన దానివంక చాలాసేపు చూసి, "అంటే నేను ముప్పై నాలుగు పైసలు పనికిరాను, అరవై ఆరు పైసలు పనికొస్తనా సార్?" అన్నారు.

నిజానికి ఆ అంకె కొలిచేది అవయవ నష్టాన్నే. ఏ వేలు ఎంత, ఏ కీలు ఎంత వంగుతుంది, పట్టు ఎంత అన్నదే లెక్క. ఆ చేత్తో ఏం పని చేసి బతికేవాడు అన్న ప్రశ్న ఆ పట్టికలో ఉండదు. రెండు వేళ్లు పోయిన గుమాస్తాకూ, సాంచ నడిపేవాడికీ అక్కడ ఒకటే అంకె.

పోనీ 40 వచ్చి ఉంటే? గుజరాత్‌లో ఉంటూ కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వైకల్య పింఛను పొందాలంటే 80 శాతం వైకల్యం, దారిద్య్రరేఖ దిగువన ఉండటం, 18 నుంచి 79 ఏళ్ల వయసు కావాలి. కేంద్రం వాటా నెలకు 300 రూపాయలు. అదే మనిషి తెలంగాణలో నివాసి అయితే 40 శాతానికే 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000. రేషన్ కార్డు ఇప్పుడు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది, పింఛను మాత్రం మనిషితో పాటు రైలెక్కదు. ఇరవై ఏళ్లుగా సూరత్‌లో ఉంటున్న ఆయన సొంతూళ్లో నివాసి కాదు, ఇక్కడ 80 శాతం కాదు.

ఒక్క మంచి సంగతి ఏమిటంటే, ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. దానికోసం సొంత జిల్లాకే వెళ్లనక్కరలేదు, చికిత్స పొందిన ప్రభుత్వ ఆసుపత్రిలోనూ అడగవచ్చు. శాతం తప్పుగా వేశారనిపిస్తే అప్పీలు చేసే హక్కు చట్టంలోనే ఉంది.

నేను చేసిన పొరపాటు

34 చూశాక నేను ఆశ వదిలేసుకున్నాను. "నలభై లేదు కదా అన్నా, ఇంకేం చేయలేం" అన్నాను. మళ్లీ అప్పీలు, మళ్లీ పరీక్షలు అంటూ నెలలు గడిచాయి. మా శాఖకు వచ్చే ఒక న్యాయవాది ఒక రోజు ఆయన చేతిని చూసి, "నష్టపరిహారం దరఖాస్తు పెట్టారా?" అని అడిగారు. అప్పటికి ప్రమాదం జరిగి ఏడాదిన్నర కావస్తోంది. నాటి చట్టం ప్రకారం గడువు రెండేళ్లు. ఇంకో ఆరేడు నెలలు నా సలహా మీదే కూర్చుని ఉంటే ఆ తలుపు కూడా మూసుకుపోయేది.

అసలు తలుపు: 1923 నాటి చట్టం

ఈఎస్ఐ వర్తించని కార్మికుడు పనిలో గాయపడితే యజమానే పరిహారం ఇవ్వాలని చెప్పేది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. కరెంటుతో ఉత్పత్తి జరిగే చోట పనిచేసేవారికి ఇది వర్తిస్తుంది, పదిమంది ఉండాలన్న నియమం లేదు. 40 శాతం అన్న గీత కూడా లేదు. ఈ చట్టం అడిగే ప్రశ్న, సంపాదన శక్తి ఎంత పోయింది అన్నదే.

లెక్క ఇలా ఉంటుంది. నెల వేతనంలో 60 శాతాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తే పూర్తి అశక్తతకు వచ్చే మొత్తం తెలుస్తుంది. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే వేతనం గరిష్ఠంగా 15,000. అందులో 60 శాతం 9,000. నలభై ఏళ్లకు గుణకం 184.17. హెచ్చిస్తే 16,57,530 రూపాయలు.

ఇక పోయిన శక్తి ఎంత? చట్టం పట్టికలో ఒక చేతి రెండు వేళ్లు పోతే 20 శాతం, మూడు వేళ్లకు 30, నాలుగు వేళ్లకు 50. 20 శాతం లెక్కన ఆయనకు 3,31,506 రూపాయలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఆయనకు పోయినవి రెండు వేళ్లే అయినా, మిగిలిన వేళ్లు వంగక సాంచ పనే పోయింది.

దీనికి దారి చూపిన తీర్పు మన పొరుగున ఒడిశాలోని జైపూర్ నుంచి వచ్చింది. 1968లో అక్కడ ఒక సినిమా హాలు పనిలో ఉన్న వడ్రంగి కిందపడి ఎడమచేతిని మోచేతి పైదాకా పోగొట్టుకున్నాడు. పట్టిక ప్రకారం అది పాక్షిక వైకల్యమే. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అతని సంపాదన శక్తి నూటికి నూరు శాతం పోయినట్టేనని కమిషనర్ తేల్చారు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1975లో ఆ నిర్ణయాన్ని సమర్థించింది. రోడ్డు ప్రమాదాల విషయంలో 2010 నాటి రాజ్ కుమార్ కేసు తీర్పు ఇదే తేడాను వివరించింది. చెయ్యి కోల్పోయిన డ్రైవరుకో వడ్రంగికో జీవనోపాధి పూర్తిగా పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు అదే నష్టం జీతాన్ని తగ్గించకపోవచ్చు.

ఆయన కేసులో మన బ్యాంకు కాగితమే పనికొచ్చింది. పదిహేను రోజులకోసారి కూలి అందగానే ఇంటి ఖర్చుకు ఉంచుకుని మిగతాది ఖాతాలో వేసేవారు. ఆ జమలు ఐదేళ్లుగా ఒకే వరసలో ఉన్నాయి, ప్రమాదం జరిగిన పక్షం నుంచి ఆగిపోయాయి. వేతన చీటీ లేనిచోట ఆ స్టేట్‌మెంటు, ఇద్దరు తోటి కార్మికుల మాట, ఆసుపత్రిలో మొదటి రోజు "మిషనులో చెయ్యి పడి" అని రాసిన చీటీ నిలబడ్డాయి. చివరికి విచారణ మధ్యలో 6 లక్షలకు రాజీ కుదిరి అధికారి ముందు నమోదైంది. పూర్తి లెక్కతో చూస్తే తక్కువే. "కోర్టు చుట్టూ తిరిగేటందుకు నాకాడ ఏండ్లు లేవు సార్" అన్నారాయన. ఆ డబ్బు ఆలుమగల ఉమ్మడి పేరున నెలనెలా వడ్డీ వచ్చే డిపాజిట్‌గా మా శాఖలోనే ఉంది. ఆయన ఒక బట్టల మార్కెట్లో కాపలా పనికి వెళ్తున్నారు. జీతం మునుపటిలో సగం కూడా లేదు.

మన ఇంటి సంగతి

ఇదంతా చదివి "మనకెందుకులే" అనుకోకండి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం ప్రాప్తించినవారిని తొలగించడం, హోదా తగ్గించడం కుదరదని 2016 చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకు చెబుతుంది. మన ప్రభుత్వ రంగ బ్యాంకులూ అందులోకే వస్తాయి. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టులోనైనా ఉంచాలి. ఈ సంగతి తెలియక, పక్షవాతమో ప్రమాదమో రాగానే తొందరపడి రాజీనామా రాసి ఇవ్వకూడదు.

బ్యాంకు పింఛను నిబంధనల్లో, తన బతుకు తాను సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుకు లేదా కూతురికి వయోపరిమితి దాటాకా కుటుంబ పింఛను కొనసాగే వీలుంది. అక్కడా కీలకం "సంపాదించుకోలేని" అన్న మాటే. వైద్యుడి పత్రంలో శాతంతో పాటు ఆ మాట కూడా ఉండేలా, తల్లిదండ్రులు సర్వీసులో ఉండగానే చూసుకుంటే పిల్లలకు తర్వాత అవస్థ తప్పుతుంది.

గుర్తుంచుకోవలసినవి

1. ఆసుపత్రిలో మొదటి చీటీలోనే ప్రమాదం పనిలో, ఎక్కడ, ఎలా జరిగిందో రాయించాలి.

2. యజమానికి వెంటనే రాతపూర్వకంగా తెలియజేసి, నకలు దాచుకోవాలి.

3. ఏ పథకం దేన్ని కొలుస్తుందో ముందు అడగాలి. పింఛన్లు వైకల్య శాతాన్ని చూస్తాయి. బీమా పాలసీ తన జాబితాను చూస్తుంది. ఈఎస్ఐ, నష్టపరిహారం సంపాదన శక్తిని చూస్తాయి.

4. డాక్టరును రెండు విషయాలు విడిగా రాయమని కోరాలి. వైకల్యం ఎంత శాతం? ఈ మనిషి చేస్తున్న పనిని ఇకపై చేయగలడా?

5. ఒక చోట కాదన్నారని మిగతా చోట్ల గడువు దాటనివ్వకూడదు. దరఖాస్తులన్నీ ఒకేసారి నడపవచ్చు.

6. కూలి నగదుగా వచ్చినా ఖాతాలో జమ చేయించాలి. మన ఇంట్లో పనిచేసేవారికీ, డ్రైవర్లకూ ఇదే చెప్పాలి.

2025 నవంబరు 21 నుంచి 1923 చట్టం, ఈఎస్ఐ చట్టం రెండూ సామాజిక భద్రతా స్మృతిలో కలిశాయి. ఉద్యోగుల నష్టపరిహారం అందులో ఏడో అధ్యాయం. పనికి వెళ్లివచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా షరతులతో పనిలో జరిగినట్టే ఇది పరిగణిస్తుంది.

ఇప్పుడు మా కౌంటరు దగ్గరికి ఎవరైనా కట్టుతో వస్తే నేను అడిగే మొదటి మాట, ఎంత శాతం అని కాదు. "ఏం పని చేసేవారు అన్నా?" అని అడుగుతున్నాను.